వాక్యమను కట్టడము



నేటి ప్రసంగమునకు విషయము వాక్యము. అక్షరము నెఱిగినవారు పెక్కురు కలరు. పదమునకు అర్థము చెప్పగలవారును పెక్కురు కలరు. కాని పదములు కూడి వాక్యమగుట యెట్లని విచారించువారు అరుదు. ఇది పండితులకు మాత్రమే చెందిన విషయమని తలపవలదు. ఊరి తగవు తీర్చు పెద్దలకును, పంపక పత్రముపై సాక్షి సంతకము చేయువారికిని, పంచాయతీ తీర్మానమును వ్రాయించువారికిని ఇది నిత్యము పనికివచ్చునదియే.

మన రామగిరి దుర్గము క్రింది పల్లెలనే తీసికొందము. ఇచట కొందఱకు పొలము జీవనాధారము, కొందఱకు బొగ్గు గని. గోదావరిఖని, రామగుండము వఱకు వ్యాపించిన యీ నేలలో తండ్రి కొలువునకు కొడుకు వారసుడగునా కాదా యన్న ప్రశ్న అనేక కుటుంబముల బ్రతుకుతెరువునకు సంబంధించినది. అట్టి సందర్భమున ఎవరో యొకరు ఊరి పెద్దలచేత ఇట్లొక ధ్రువపత్రము వ్రాయించుకొనిరనుకొందము: “గనిలో పని చేసిన మల్లయ్య కుమారుడు రాజయ్య మా గ్రామవాసి.” ఇందు తెలియని పదము లేదు. అక్షరదోషము లేదు. అయినను, గనిలో పని చేసినవాడు ఎవడు? మల్లయ్యయా, రాజయ్యయా?

“గనిలో పని చేసిన” అను మాటలను “మల్లయ్య”తో ముందుగా ముడివేసినచో గని పని మల్లయ్యది. “మల్లయ్య కుమారుడు” అను రెండు పదములను ముందుగా ముడివేసి, ఆ మూటకు “గనిలో పని చేసిన” అనుదానిని తగిలించినచో గని పని రాజయ్యది. పదములు అవియే, వాని వరుసయు అదియే, అర్థములు మాత్రము రెండు. పదములలోను వరుసలోను భేదము లేనపుడు అర్థభేదము ఎచ్చటనుండి వచ్చెను? కంటికి కనబడని ముడులనుండి వచ్చెను. ఈ ముడుల వ్యవస్థయే వాక్యనిర్మాణము. వాక్యము పూసల దండవంటిది కాదు, ఇల్లువంటిది. ఇటుకలు గోడయై, గోడలు గదియై, గదులు ఇల్లయినట్లు పదములు కూడి బంధములగును, బంధములు కూడి పెద్ద బంధములగును, అవి కూడి వాక్యమగును. నేను నేడు మనవి చేయదలచిన ముఖ్యాంశము ఇదియే.

ఈ బంధములు నిజముగా కలవా, లేక పండితుల కల్పనయా యని సంశయము కలుగవచ్చును. పరీక్షించి చూతము. “కాపు సంతలో ఎద్దును కొనెను” అను వాక్యమున నాలుగు పదములు కలవు. నాలుగు పదములను ఇరువదినాలుగు వరుసలలో పేర్చవచ్చును. “ఎద్దును కాపు సంతలో కొనెను”, “సంతలో కొనెను కాపు ఎద్దును” - ఎట్లు పేర్చినను తెలుగువానికి అర్థము చెడదు. వినుటకు కొన్ని ఇంపుగను కొన్ని వింతగను ఉండును, అంతే. కర్త యెవరో, కర్మ యేదో విభక్తులు చెప్పుచున్నవి గదా. ఇపుడు ఎద్దునకు “ఎఱ్ఱ” యను విశేషణము చేర్చుదము: “కాపు సంతలో ఎఱ్ఱ ఎద్దును కొనెను.” ఇపుడు “ఎఱ్ఱ”ను విడదీసి “ఎఱ్ఱ కాపు సంతలో ఎద్దును కొనెను” అన్నచో ఎఱ్ఱదనము ఎద్దును విడిచి కాపునకు అంటుకొనినది! “ఎఱ్ఱ ఎద్దును” అనునది ఎచ్చటికి జరిగినను మూటగానే జరుగవలెను. అడుగువాడు “దేనిని కొనెను?” అని యడిగినచో ఆ మూట మొత్తము జవాబగును. “దానిని” అను సర్వనామము ఆ మూట మొత్తమునకు బదులుగా నిలుచును. కలసి కదలుట, కలసి జవాబగుట, ఒక్క సర్వనామమునకు లొంగుట - ఈ మూడు గుఱుతులచేత బంధము బంధమని తెలియును.

పద్యములు చదివిన పెద్దలకు ఈ సంగతి క్రొత్త కాదు. పురాణ పఠనమున ఒకరు పద్యము చదువుదురు, మఱియొకరు అన్వయము చెప్పుదురు. అన్వయమనగా నేమి? ఛందస్సు కొఱకు చెదరిన పదములను ఏది దేనితో కూడునో చూచి మరల కూర్చుట. దండాన్వయమున కర్తనుండి క్రియవఱకు పదములను వచనక్రమమున నిలుపుదురు. ఖండాన్వయమున ముందుగా ప్రధాన క్రియను పట్టుకొని, ఎవరు, దేనిని, దేనిచేత, ఎట్టి అని ప్రశ్నించుచు ఒక్కొక్క ఖండమును రాబట్టుదురు. కరీంనగరు జిల్లా గంగాధర సమీపమున కురిక్యాల గ్రామపు బొమ్మలగుట్టపై పదియవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కంద పద్యములును కలవు. ఈయన కన్నడ మహాకవి పంపనికి తమ్ముడు. వేయి యేండ్లకు పైబడిన యా పద్యములను నేడు చదువువారును అన్వయము చేసికొనియే అర్థము గ్రహింపవలెను. పద్యమున పైకి కనబడు వరుస వేఱు, లోపల నున్న కట్టడము వేఱు అని మనవారు ఎఱిగియే యుండిరన్నమాట.

శాస్త్రములలోను ఈ విచారము కలదు. పదముల సమూహము వాక్యార్థమును తెలుపుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును వలయునని నైయాయికులును మీమాంసకులును చెప్పిరి. ఆకాంక్ష యనగా ఒక పదము మఱియొకదానిని కోరుట. “కాపు, గుఱ్ఱము, బండి, చెట్టు” అని పలికినచో అవి పదములేకాని ఒకటి నొకటి కోరవు గనుక వాక్యము కాదు. సన్నిధి యనగా పదములు దగ్గఱగా పలుకబడుట. ప్రొద్దుట “ఆవును” అని, సాయంకాలము “తోలుకొని రమ్ము” అన్నచో వినువానికి వాక్యము తోపదు. యోగ్యత యనగా అర్థము పొసగుట; నిప్పుతో చేను తడుపుచున్నాడన్నచో వినువాడు నవ్వును. ఇందు ఒక సూక్ష్మము కలదు. “నిప్పుతో చేను తడుపుచున్నాడు” అనుట అర్థమున పొసగదు గాని కట్టుబడిలో దోషము లేదు. విభక్తి సరిగనున్నది, క్రియ సరిగనున్నది. “చేను నిప్పుతోను తడుపుచున్నాడువి” అన్నచో కట్టుబడియే చెడినది. అర్థము చెడుట వేఱు, కట్టుబడి చెడుట వేఱు. ఈ భేదమునే ఇరువదియవ శతాబ్దమున పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు తమ విచారమునకు పునాదిగా గైకొనిరి.

వారిలో ముఖ్యుడు నోమ్ చామ్‌స్కీ. ఈయన 1928లో అమెరికా దేశమున జన్మించెను. మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడై యుండి, 1957లో వాక్యనిర్మాణములను గూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. అర్థము పొసగకున్నను కట్టుబడి తప్పని వాక్యము నొకదానిని అందు కల్పించి చూపి, వ్యాకరణమును అర్థముతో కలగాపులగము చేయక విడిగా విచారింపవచ్చునని వాదించెను. అంతకు పూర్వము అమెరికాలోని భాషాశాస్త్రజ్ఞులు జనులు పలికిన వాక్యములను ప్రోగుచేసి, వానిని విడదీసి, పట్టికలు వ్రాయుటయే ప్రధాన కార్యముగా నెంచిరి. చామ్‌స్కీ ప్రశ్నను త్రిప్పివేసెను. పలుకబడిన వాక్యములు కొన్నియే. పలుకదగిన వాక్యములు అనంతములు. మనుష్యుడు ఎన్నడును వినని వాక్యమును తాను పలుకగలడు, విని గ్రహింపగలడు. ఆ శక్తి యెట్టిది? ఏ కొద్ది సూత్రములచేత ఒక భాషలోని వాక్యములన్నియు పుట్టి, ఆ భాషకు చెందని కూర్పులు పుట్టకుండునో, ఆ సూత్రములను కనుగొనుటయే వ్యాకరణమని యాతని మతము. అందుచేత ఈ పద్ధతికి ఉత్పాదక వ్యాకరణమని పేరు వచ్చెను.

ఇది మన దేశమునకు బొత్తిగా క్రొత్తదారి కాదు. పాణిని యష్టాధ్యాయి యెనిమిది యధ్యాయముల గ్రంథము. ఇంచుమించు నాలుగు వేల సూత్రములు. అది పదముల జాబితా కాదు. ధాతువునుండి, ప్రత్యయమునుండి సూత్రక్రమమున రూపమును పుట్టించు యంత్రము. చామ్‌స్కీయే 1965 నాటి తన గ్రంథపు పీఠికలో పాణిని వ్యాకరణమును ఉత్పాదక వ్యాకరణమునకు ఒక భాగముగా గ్రహింపవచ్చునని యంగీకరించెను. తెలుగున చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడెను. అందు సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు పది పరిచ్ఛేదములు కలవు. సంధి, సమాసము, తద్ధితము, క్రియ, కృదంతము - అన్నిటికిని వేఱువేఱు పరిచ్ఛేదములున్నవి గాని వాక్యమను పేర ఒక పరిచ్ఛేదము లేదు. కారక పరిచ్ఛేదమున విభక్తుల ప్రయోగమును చెప్పుట వాక్యమునకు ద్వారము తెఱచుటయే; అయినను ఇల్లంతయు చూపుట అందలి యుద్దేశము కాదు.

ఇక సూత్రములు వాక్యములను పుట్టించుట యెట్లో ఒక చిన్న లెక్క చేసి చూతము. మూడు సూత్రములు చాలును. మొదటిది: వాక్యమునందు ముందుగా నామబంధమును, వెనుక క్రియాబంధమును ఉండును. రెండవది: నామబంధమునందు ఒక నామము తప్పక యుండును, దానికి ముందు ఒక విశేషణము ఉన్న ఉండవచ్చును, లేకున్న లేకపోవచ్చును. మూడవది: క్రియాబంధమునందు కర్మయైన నామబంధము ముందును, క్రియ కడపటను ఉండును. ఇపుడు పది నామములు, ఐదు విశేషణములు, ఐదు సకర్మక క్రియలు - మొత్తము ఇరువది పదములు మాత్రమే మనయొద్ద కలవనుకొనుడు. ఒక్కొక్క నామము ఒంటరిగ నొకసారి, ఐదు విశేషణములతో ఐదుసార్లు, వెరసి ఆఱు తీరుల నిలుచును. కావున నామబంధములు అఱువది. కర్తస్థానమున అఱువది, కర్మస్థానమున అఱువది, క్రియాస్థానమున ఐదు. గుణించినచో 18,000 వాక్యములు! ఇరువది పదములకు, మూడు సూత్రములకు ఇంత పంట. కొన్నిటి యర్థము పొసగకపోవచ్చును. కట్టుబడి మాత్రము అన్నిటికిని సరియైనదే.

ఇంకను వింత యేమన, వాక్యము వాక్యములో నిముడగలదు. “వాన వచ్చును” అనునది ఒక వాక్యము. “వాన వచ్చునని రాజయ్య చెప్పెను.” “వాన వచ్చునని రాజయ్య చెప్పెనని మల్లయ్య నమ్మెను.” “వాన వచ్చునని రాజయ్య చెప్పెనని మల్లయ్య నమ్మెనని లచ్చవ్వ నవ్వెను.” ఇది ఎచ్చట ఆగును? ఊపిరి చాలనప్పుడో, విసువు పుట్టినపుడో ఆగును గాని వ్యాకరణము ఆపదు. “అని” యను చిన్న మాట ఒక్కటి వాక్యమును మఱియొక వాక్యపు గర్భమున నిలుపుచున్నది. సూత్రము తననే మరల పిలుచుకొనుటవలన భాష అనంతమైనది. పరిమితమైన సాధనములతో అపరిమితమైన పని చేయుట భాష స్వభావమని పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ పండితుడు హంబోల్టు చెప్పిన మాటకు ఇదియే తాత్పర్యము.

ఈ దృష్టితో మన భాషను పరిశీలించినవారిలో చేకూరి రామారావుగారు ముఖ్యులు. వీరు 1934లో జన్మించి 2014లో దివంగతులైరి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము నభ్యసించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. వీరి “తెలుగు వాక్యం” 1975లో వెలువడెను. వారికంటె పెద్దలైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్‌తో కలసి వ్రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణము 1985లో అచ్చయ్యెను. ఇట్టి కృషివలన వాక్యమే కేంద్రముగా తెలుగును చూచుట మనకు అలవడినది. పాఠశాల పుస్తకములలో పిల్లలు చదువు సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్య విభాగము మీ కండ్లబడియే యుండును. “ఆయన మా గురువు” అన్నచో అందు క్రియయే లేదు, అయినను నిండు వాక్యము. తెలుగున ఇట్టి క్రియారహిత వాక్యములు సహజములు. కావున నేను పైన చెప్పిన మొదటి సూత్రము సగము సత్యమే యని గ్రహింపుడు. క్రియాబంధముండవలసిన చోట నామబంధమును నిలువగలదు.

సంక్లిష్ట వాక్యమున దాగియున్న కర్త మఱియొక చమత్కారము. “రాజయ్య సంతకు పోయి ఎద్దును కొనెను” అన్నచో పోయినవాడెవడు? రాజయ్యయే. వాక్యమున ఆ పేరు ఒక్కసారియే వచ్చినది గాని మన బుద్ధి దానిని రెండుసార్లు వినుచున్నది: రాజయ్య పోయెను, రాజయ్య కొనెను. ఉత్పాదక వ్యాకరణము ఈ రెంటిని లోపలి కట్టడమున నిలిపి, రెండవసారి వచ్చు పేరును లోపింపజేయును. లోపలిదానిని అంతర్నిర్మాణమనియు, పలుకబడినదానిని బహిర్నిర్మాణమనియు, మొదటిదానిని రెండవదానిగా మార్చు సూత్రమును పరివర్తనమనియు చెప్పుకొందము. 1995 నాటి గ్రంథమున చామ్‌స్కీ యీ రెండంతరువుల విభాగమును విడిచిపెట్టెను. శాస్త్రము నడచుచున్నదనుటకు అది గుఱుతు. పలుకని కర్తను బుద్ధి గ్రహించుచున్నదన్న సంగతి మాత్రము అట్లే నిలిచియున్నది.

ఇట్టి ప్రయోగమున రెండు క్రియలకును కర్త యొక్కడే కావలెనని పాణిని సంస్కృతమునకు సూత్రము చేసెను. తెలుగునకును సాధారణముగా అది చెల్లును. కాని “వాన కురిసి చెరువు నిండెను” అని మనమందఱము అందుము. కురిసినది వాన, నిండినది చెరువు, కర్తలు ఇద్దఱు. అయినను ఏ తెలుగువాడును దానిని తప్పనడు. “వాన కురిసి రాజయ్య అన్నము తినెను” అన్నచో మాత్రము చెవికి గ్రుచ్చుకొనును. మొదటిదానిలో కురియుట నిండుటకు కారణము. రెండవదానిలో అట్టి కార్యకారణ సంబంధము లేదు. ఈ భేదమును మనకెవరు నేర్పిరి? ఏ బడిలోను నేర్పలేదు. అయినను ఇచటి బడి యెఱుగని ముదుసలికిని అది తెలియును.

దీనివలన గొప్ప సంగతి యొకటి తేలుచున్నది. ఐదేండ్ల పిల్లవాడు ఎన్నడును వినని వాక్యములను కట్టుచున్నాడు. అతనికి ఎవరును సూత్రములు చెప్పలేదు. విన్న మాటలును తునుకలు, తొట్రుపాట్లు. అట్లయ్యు అతడు కట్టడమును సాధించెను గనుక, మనుష్యశిశువు పుట్టుకతోనే వాక్యనిర్మాణమునకు తగిన బుద్ధి సంస్కారముతో వచ్చునని చామ్‌స్కీ మతము. దీనిని ఒప్పనివారును కలరు. విన్నదానినుండి పోలికలు పట్టు సామాన్య బుద్ధిశక్తియే చాలునని వారందురు. ఆ వివాదము తీరలేదు. కాని బిడ్డ నేర్చునది పదముల మూట మాత్రమే కాదు, కట్టడమును గూడననుటలో ఉభయపక్షములకును భేదము లేదు.

పిల్లవాడు నేర్చునది ఏ భాషయైనను కట్టడపు తీరులు మాత్రము కొన్నియే. బొగ్గుగనులలో పలు ప్రాంతములవారు కలసి పని చేయుదురు. వారి పలుకులను పోల్చి చూడుడు. మనము “గుట్ట మీద కోట” అందుము. హిందీవాడు “పహాడ్ పర్ కిలా” అనును. “మీద” యనునదియు “పర్” అనునదియు నామమునకు వెనుకనే వచ్చును. ఆంగ్లేయుడు “ఆన్ ద హిల్” అని దానిని ముందు పెట్టును. మనకును హిందీవానికిని క్రియ కడపట. ఆంగ్లేయునకు క్రియ ముందు, కర్మ వెనుక. ఎన్నడును మనతో సంబంధము లేని జపాను భాషలోను క్రియ కడపటనే యుండును, “మీద” వంటి మాట నామమునకు వెనుకనే వచ్చును. ప్రధానపదమును బంధమునకు చివర నిలుపు భాషలు కొన్ని, మొదట నిలుపు భాషలు కొన్ని. ఒక్క తాళము త్రిప్పినచో పెక్కు తలుపులు ఒకేసారి తెఱచుకొనినట్లు, ఈ యొక్క భేదమునుండి అనేక భేదములు పుట్టుచున్నవని 1980 తరువాతి భాషాశాస్త్రజ్ఞులు వివరించిరి. మన పిల్లవాడు ఇంగ్లీషు వాక్యమున తడబడుట బుద్ధిమాంద్యమువలన కాదు. చిన్ననాడు కట్టిన యింటికి ఇపుడు తలుపును ఎదురు దిక్కున పెట్టవలసి వచ్చుటవలన.

ఇచట నొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మన ప్రాంతపు పలుకుబడిని విని “అది వ్యాకరణము లేని భాష” యని పెదవి విఱచువారు ఒకప్పుడు పెక్కురుండిరి, నేడును కొందఱు కలరు. వారు తమ మాటను పరీక్షించుకొందురుగాక. “రాజయ్య వచ్చిండు, లచ్చవ్వ వచ్చింది, అందరు వచ్చిన్రు” అని మన పల్లెవాడు పలుకును. “రాజయ్య వచ్చింది” యని గాని, “అందరు వచ్చిండు” అని గాని పొరపాటుననైన పలుకడు. లింగవచనములు తప్పవు. “రాజయ్య వచ్చిండని మల్లయ్య చెప్పిండు” అను వాక్యమును “రాజయ్య వచ్చెనని మల్లయ్య చెప్పెను” అను గ్రంథవాక్యముతో పోల్చుడు. కర్త యున్నచోటనే కర్త, “అని” యున్నచోటనే “అని”, క్రియ యున్నచోటనే క్రియ. ఇటుక రంగు మాఱెను. కట్టడము రవంతయు మాఱలేదు. గ్రంథభాషలో చదువుకొని, అందే పాఠము చెప్పినవాడనయ్యు నేనీ మాట చెప్పుచున్నాను: వ్యాకరణము పుస్తకమున పుట్టి పల్లెకు దిగలేదు, పల్లెనోట నున్నదానినే పుస్తకము కొంత పట్టుకొనినది. మనుమని మాటకు సిగ్గుపడు తాతలు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురుగాక.

నోటిమాటకు లేని చిక్కు వ్రాతకు కలదు. నోటిమాటలో ఊనిక కలదు, విరామము కలదు, చేతి సైగ కలదు. అర్థము కాకున్న మరల అడుగవచ్చును. కాగితము మాటాడదు. వ్రాసినవాడు గతించిన తరువాత కాగితము ఒక్కటే మిగులును. కావున పత్రములందు ముడి స్పష్టముగ నుండవలెను. నాలుగు ఉదాహరణములు చెప్పెదను.

మొదటిది మనము చూచినదే. తండ్రి గనిలో పని చేసినచో “గనిలో పని చేసిన మల్లయ్యకు కుమారుడైన రాజయ్య” అని వ్రాయుడు. కొడుకే పని చేసినచో “మల్లయ్య కుమారుడును, తానే గనిలో పని చేసినవాడును అగు రాజయ్య” యని వ్రాయుడు. రెండు మాటలు పెరుగును, రెండేండ్ల తిరుగుడు తగ్గును.

రెండవది “తన” యను మాట. “రాజయ్య మల్లయ్యచేత తన పొలము దున్నించెను” అన్నచో పొలము ఎవరిది? దున్నించిన కర్త రాజయ్య, దున్నిన కర్త మల్లయ్య. “తన” యనునది కర్తను వెదకికొని పోవు మాట గనుక ఇద్దఱిలో నెవరినైనను అంటుకొనగలదు. భూమిని గూర్చిన పత్రమున “తన” యని వ్రాయక పేరునే మరల వ్రాయుట మేలు. పేరు మరల వచ్చినచో శైలి చెడునని శంకింపవలదు. పత్రమునకు శైలికంటె స్పష్టత ముఖ్యము.

మూడవది పంపకము. “పాత ఇల్లును కొట్టమును చిన్నవానికి” అని వ్రాసిరి. కొట్టములు రెండున్నవి, ఒకటి పాతది, ఒకటి క్రొత్తది. “పాత” యను విశేషణము ఇంటికి మాత్రమే చెందునా, కొట్టమునకును చెందునా? అన్నదమ్ముల నడుమ గోడ లేచుటకు ఈ యొక్క విశేషణము చాలును. ఇల్లునకు మాత్రమే యైనచో “కొట్టములు రెంటిని, పాత ఇల్లును” అని వరుస మార్చుడు. రెంటికిని అయినచో “పాత ఇల్లును, పాత కొట్టమును” అని విశేషణమును మరల వ్రాయుడు.

నాలుగవది తీర్మానము. “సభ్యులందఱు సమ్మతింపలేదు” అను వాక్యమునకు, ఒక్కరును సమ్మతింపలేదని యొక యర్థము. కొందఱు సమ్మతించిరి గాని అందఱును కాదని మఱియొక యర్థము. “లేదు” అను నిషేధము “అందఱు” అనుదానిని తన లోపల ఇముడ్చుకొనెనా, వెలుపల విడిచెనా యన్న భేదమే ఇందలి రహస్యము. “సభ్యులలో నొక్కరును సమ్మతింపలేదు” అనియో, “సభ్యులలో కొందఱే సమ్మతించిరి” అనియో వ్రాసి, వీలైనచో సంఖ్య గూడ వేయుడు.

ఏ పత్రమైనను సంతకమునకు ముందు ఖండాన్వయము చేసినట్లు చదువుడు. క్రియను పట్టుకొనుడు. ఎవరు, దేనిని, ఎవరికి, ఎట్టిది అని యడుగుడు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్క జవాబే వచ్చినచో కట్టడము గట్టిది. ఏ యొక్క ప్రశ్నకైనను రెండు జవాబులు వచ్చినచో, కలము ఆపి, వాక్యమును విప్పి, మరల కట్టించుడు. పద్యమునకు అన్వయము చెప్పుటకు మన పూర్వులు నేర్పిన విద్యయే, పాశ్చాత్యులు సూత్రబద్ధము చేసి చూపిన విద్యయే, ఒక బీదవాని కొలువును, ఒక యింటి హద్దును, ఒక సభ మాటను కాపాడగలదు.